అతని వ్యసనాన్ని బొమ్మల నవలగా గీశాను, అచ్చుకి ఇవ్వొచ్చా?

పాలకొల్లు పక్క పల్లె నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయట పెట్టొద్దన్నారు. చాలా పొడుగు ఉత్తరం, కుదించి చెబుతున్నాను.

ఆమెకి 26 ఏళ్ళు. గేములు తయారు చేసే ఒక కంపెనీకి ఇంటి నుంచే బొమ్మలు వేస్తారు. ఇంజినీరింగ్‌లో తోటి విద్యార్థిని ప్రేమించారు. అతనిది వశిష్ఠ గోదావరికి అవతలి గట్టు, రాజోలు వైపు. రొయ్యల చెరువులున్న కుటుంబం. మూడో ఏడాది హాస్టల్లో సరదాకి మొదలైన గంజాయి, చదువయ్యేసరికి ట్రమడాల్ అనే మత్తెక్కించే నొప్పి మాత్రల దాకా పోయింది. అతని అప్పులు తీర్చడానికి ఈమె జీతంలో దాచుకున్నది ఇచ్చారు, అది చాలక మెడలో గొలుసు తాకట్టు పెట్టారు. ఇంట్లో మాత్రం అంతర్వేది తీర్థంలో తోపులాటలో పోయిందని చెప్పారు. రెండేళ్ళ కిందట రావులపాలెం దగ్గర ఇద్దరు స్నేహితులతో బైకు మీద వెళ్తూ అతను పోలీసులకు దొరికాడు. సంచిలో ఉన్న గంజాయి కిలో లోపే. కేసు ఇంకా నడుస్తోంది. బెయిల్ మీద వచ్చాక కూడా మాత్రలు మింగాడు. ఒక రోజు ఫిట్స్ వచ్చి పడిపోయాక చికిత్సకి ఒప్పుకున్నాడు. ఇప్పటికి మానేసి ఎనిమిది నెలలు. నాన్నతో పాటు చెరువుల పని చూసుకుంటున్నాడు. "మేత రేటు, కౌంటు, ఏరియేటర్లు తప్ప వేరే మాట లేదు. బోర్ కొడుతోందని చెప్పడానికి సిగ్గుగా ఉంది" అని రాశారు.

ఈ గొడవల మధ్యే ఆమె 160 పేజీల క్రైమ్ గ్రాఫిక్ నవల గీశారు. ఇద్దరు ప్రేమికులు, గంజాయి మూటలు, ఒక హత్య. ఒక ప్రచురణకర్త వేస్తానన్నారు కానీ రెండు మార్పులు అడిగారు. హీరో చివర్లో చనిపోవాలి, మాత్రల బదులు సిరంజీ ఉండాలి, "బొమ్మకి అదైతే పండుతుంది" అని. పేజీలు చూపిస్తే అతను చాలాసేపు తిరగేసి "వీడు నాకంటే బాగున్నాడు" అన్నాడట. మర్నాడు ఫోన్ చేసి "వేసుకో, నాకేం అభ్యంతరం లేదు. నువ్వు మాత్రం వెళ్ళిపోకు" అన్నాడట. వాళ్ళమ్మగారేమో "నువ్వేం గీసుకుంటావో గీసుకో అమ్మాయ్, మా ఊరు, మా చెరువు మాత్రం అందులో పెట్టకు" అని ఏడ్చారట. ఆ తర్వాత ఆవిడే, పుస్తకం మానేస్తే శ్రావణంలో పెళ్ళి చేసేద్దాం అని కబురు పెట్టారు. ఈమె ఇంట్లో వీటిలో ఒక్కటీ తెలియదు.

ఆమె అడిగినవి మూడు. ఇలాంటివి గీయడమే తప్పా? పుస్తకం ఇస్తే అతనికి ద్రోహం చేసినట్టా? అసలు తను ప్రేమిస్తున్నది ఇతన్నా, పుస్తకంలో ఉన్నవాణ్ణా? ఉత్తరంతో పాటు ఇరవై పేజీల బొమ్మలు జత చేశారు.

అమ్మా, ఉత్తరం కంటే ముందు మీ పేజీలే చూశాను. మీది చేయి తిరిగిన గీత. బాపు పుట్టిన నరసాపురం మీకు పక్కనే కదా, ఆ గాలి కొంత తగిలిందేమో. గోదావరి దాటించే పంటు మీద జనం, మోటారుసైకిళ్ళు, అరటి గెలల మధ్య మీ ఇద్దరూ ఒకరినొకరు చూడనట్టు నిలబడ్డ పేజీని ఎవరైనా రెండోసారి తిప్పి చూస్తారు.

లాకుల దగ్గర రాత్రి పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. తొమ్మిది గడులు. మొదటి గడిలో కాలేజీ ఐడీ కార్డు మీద గింజలు ఏరుతున్న వేళ్ళు. తర్వాత కాగితం, అగ్గిపుల్ల, ఆ వెలుగులో సగం ముఖం, చివరి గడిలో కాలవ నీళ్ళ మీద చంద్రుడు. ఎంత అందంగా ఉందంటే, ఒక్క గడిలో కూడా అతను దగ్గడు. ఆ రోజుల్లో అతని చొక్కాలన్నీ నిప్పురవ్వలు పడి చిల్లులేనని ఉత్తరంలో మీరే రాశారు. బొమ్మలో చొక్కాకి ఒక్క చిల్లు లేదు. ఇరవై పేజీల్లో అతని తల్లి రెండుసార్లు కనిపించారు, రెండుసార్లూ పొయ్యి దగ్గర, వెనక్కి తిరిగి. ఆవిడ ముఖం మీరు గీయలేదు.

ఇలాంటివి గీయడమే తప్పా అన్నారు. కాదు. ఆ వాదన చాలా పాతది, తేలిపోయింది కూడా. అమెరికాలో 1954లో కామిక్స్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. దాని నీడలో మాదకద్రవ్యాల ఊసే బొమ్మల పుస్తకాల్లో ఉండకూడదన్నట్టు నడిచింది. 1971లో అక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖే మత్తు వల్ల వచ్చే చేటు గురించి కథ వేయమని స్పైడర్‌మ్యాన్ వాళ్ళని అడిగింది. వాళ్ళు వేశారు. అయినా నియమావళి పాటించినట్టు అట్ట మీద వేసే ముద్ర దొరకలేదు, ముద్ర లేకుండానే మూడు సంచికలు అమ్మారు. అదే ఏడాది ఆ నియమం సడలించారు. కాబట్టి విషయం ఎంచుకున్నందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. దేవదాసుల్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించిన జాతి మనది. మీరొక్కరే కొత్తగా చెడగొట్టేదేం లేదు.

మిమ్మల్ని తినేస్తున్న సంగతి వేరు. పుస్తకం, పెళ్ళి, కేసు అని మూడు విడివిడి వ్యవహారాలున్నాయి. వాటిని అందరూ కలిసి ఒకే తాడుగా పేనేశారు. వాళ్ళమ్మగారు పుస్తకానికి వెలగా పెళ్ళిని పెట్టారు. అతను పుస్తకానికి వెలగా మీరు వెళ్ళిపోకపోవడాన్ని పెట్టాడు. మీరేమో పుస్తకం వదులుకుంటే ప్రేమ నిజమని రుజువవుతుందేమో అని చూస్తున్నారు. ముందు ఈ పేట విప్పాలి.

అతని ఒప్పుకోలు సంగతి చూద్దాం. "వేసుకో, నువ్వు మాత్రం వెళ్ళిపోకు" అన్నది ఒప్పుకోలు కాదమ్మా, బతిమాలుకోవడం. అతను కాదంటే మీరు పోతారనే భయం లేనప్పుడు అడిగితేనే ఆ జవాబుకి విలువ. ఎలా అడగొచ్చంటే, "నువ్వు వద్దన్నా నేను నీతో మాట్లాడటం మానను, నువ్వు సరేనన్నా పెళ్ళికి సరే అన్నట్టు కాదు" అని ముందే చెప్పి, జవాబుకి నెలో రెండు నెలలో టైమివ్వండి. వీలైతే అతని కౌన్సెలర్ ముందు అడగండి. ఇంకో జాగ్రత్త, మళ్ళీ ఆ పేజీలు అతని చేతికివ్వకండి. వాడిన చోటు, వాడిన వస్తువు, పాత స్నేహితుడి ఫోను, మానేసినవాడికి ఆశ రేపేవి ఇవేనని చికిత్సలో మొదటే చెబుతారు. లాకుల పేజీలో ఈ మూడూ ఉన్నాయి. ఏయే సంఘటనలు తీసుకున్నారో మామూలు కాగితం మీద మాటల్లో రాసి ఇవ్వండి. ఇది ఉండొచ్చు, ఇది వద్దు అని అతను టిక్కు పెడితే చాలు.

వాళ్ళమ్మగారిని ఈ కథలో విలన్ చెయ్యకండి. ఆవిడ అడిగింది చాలా చిన్న విషయం, ఊరు, చెరువు. అది ఇచ్చెయ్యండి. పుస్తకానికి వచ్చే నష్టమేమీ లేదు. డెల్టాలో కాలవ గట్టు, కొబ్బరితోట, పంటు రేవు ఎన్ని లేవు? అయితే ఒక్క మాట. పేరు మార్చి మొదటి పేజీలో "పాత్రలన్నీ కల్పితం" అని వేసినంత మాత్రాన పనైపోదు. చదివినవాళ్ళు ఫలానావాడే అని పోల్చుకోగలిగితే పరువు నష్టం మాట రానే వస్తుంది. భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అదే. మీ హీరో కంటే ఎక్కువగా నాకు ఆ బైకు మీద మిగతా ఇద్దరి గురించి బెంగ. మీ కథలో ఒకడు హంతకుడు. నిజంలో అతనెవరు? మీలాగే ఫీజు కట్టి చదువుకున్న ఇంకో కుర్రాడు. అతనికీ ఒక ఇల్లుంది, ఒక కేసుంది. చికిత్సా కేంద్రం పేజీల్లో మిగతా రోగుల ముఖాలు చూసినవి చూసినట్టు గీసినట్టున్నారు, అవి కూడా మార్చాలి. చికిత్సలో ఉన్నవాళ్ళ వివరాలు వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకి పోకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. వ్యసనం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది.

ఇక కేసు. ఉత్తరంలో రెండు వాక్యాలతో దాటేశారు గానీ నన్ను నిజంగా కంగారు పెట్టింది ఇదే. ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, గంజాయి కిలో వరకు చిన్న పరిమాణం. శిక్ష ఏడాది దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, పదేళ్ళకు తగ్గదు. అతనిది మొదటి రకం. పైగా అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనో చికిత్స తీసుకుంటే, చిన్న పరిమాణం కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు దొరికే వీలుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే అది పోవచ్చు కూడా. అతను చేరిన కేంద్రానికి గుర్తింపు ఉందా, కాగితాలు దాచారా, వకీలుకి ఈ సంగతి చెప్పారా? ఇవి వాళ్ళ నాన్నగారు ఈ వారంలోనే కనుక్కోవాలి.

దానికీ పుస్తకానికీ ఏం సంబంధం అంటారా? మీ కథలో హీరో దొరికిపోయే ముందు నాలుగుసార్లు మూటలు దింపాడు. ఏ రేవులో, ఎవరికి, ఏ టైముకి అన్నీ గీశారు. కల్పనైతే మీ ఊహకి నా నమస్కారం. నిజమైతే మాత్రం, ఆ పేజీలు కేసు నడుస్తుండగా బయటికి వస్తే అతను చిన్న వాడకందారు కాదు, రవాణాదారు అనే అనుమానానికి మీరే దారి చూపించినట్టు. మీ బొమ్మలు అతని వాంగ్మూలం కాకపోవచ్చు గానీ, "ఇవి నీకెలా తెలుసమ్మా" అని మిమ్మల్ని అడగడానికి ఎవరికీ అడ్డు లేదు. ఆ మూటల అవతలి చివర ఉన్నవాళ్ళు కూడా చదువుతారని మర్చిపోకండి. అచ్చుకి ముందు క్రిమినల్ వకీలు ఒకరితో మొత్తం చదివించండి. అతని వకీలుతో కాదు, మీకంటూ వేరే ఒకరితో.

క్రైమ్ కథలు ఇష్టంగా చదివేవాణ్ణి కాబట్టి ఒక ఫిర్యాదు కూడా చేస్తాను. మీ విలన్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఏసీ గదిలో కూర్చుంటాడు. సినిమాల్లో చాలా మందిని చూశాం. మన దగ్గర నడిచే తీరు వేరు కదా. అల్లూరి జిల్లా ఏజెన్సీ కొండల్లో శీలావతి అని పిలిచే గంజాయి రకం పండుతుంది. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో అక్కడ తోటలకి తోటలే నరికించారు. కొండ దిగిన సరుకు హైవే ఎక్కుతుంది, అందులో కాస్త మన కాలవ గట్లకి చేరుతుంది. డబ్బు చేసుకునేవాడు ఎక్కడో ఉంటాడు, "ఈ బ్యాగు కాస్త దింపేసి రారా" అని అడిగించుకున్నవాడు దొరుకుతాడు. మాత్రల సంగతి ఇంకా దగ్గర. ట్రమడాల్‌ని 2018లోనే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. చీటీ లేకుండా అమ్మిన మందుల షాపాయన కూడా నేరస్తుడే. ఆయన దసరాకి చందా ఇచ్చి, కనబడితే "ఏవండీ బాగున్నారా" అని పలకరిస్తాడు. నాకు భయం వేసేది అలాంటి మనిషిని చూస్తే.

అందుకే సిరంజీ మార్పుకి నేను ఒప్పుకోను. అతను వాడనిది, మీరు చూడనిది, బొమ్మ పండుతుందని పెట్టడం ఎందుకు? హీరో చావు దగ్గర మాత్రం మీ ప్రచురణకర్త పూర్తిగా తప్పు కాదు. ట్రమడాల్ లాంటి మందులు మానేసిన కొన్నాళ్ళకి ఒంటికి పాత తట్టుకునే శక్తి పోతుంది. మళ్ళీ జారినవాడు పాత లెక్కనే మింగితే ప్రాణం మీదికి వస్తుంది. అలా పోయినవాళ్ళున్నారు. కాబట్టి చావు అబద్ధం కాదు. దాన్ని వర్షంలో, ఆమె ఒళ్ళో, ప్రేమకి పరాకాష్ఠలా గీయమంటే అది అబద్ధం. అతను బతికుండగా, మానేసిన మొదటి ఏడాదిలోనే తన చావు బొమ్మ అచ్చులో చూసుకోవాల్సి రావడం గురించి కూడా ఆలోచించండి.

మీ ముందున్న దారులేమిటో, దేనికి ఏం చెల్లించాలో చూద్దాం. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేస్తే పుస్తకం త్వరగా వస్తుంది, పేరూ రావచ్చు. కానీ పైన చెప్పిన కేసు చిక్కులన్నీ మీ నెత్తినే పడతాయి, ఇంటి దగ్గర మొదట బయటపడేది గొలుసు. తాకట్టు కొట్టు పేజీ మీ పుస్తకంలో అన్నిటికంటే బంగారు రంగులో ఉంది. మీ నాన్నగారు దాన్ని పుస్తకంలో చూసి తెలుసుకోవడం కంటే మీ నోటితో వినడం నయం. పుస్తకం వేసినా మానినా ఆ పని మాత్రం చెయ్యండి. అమ్మతో మొదలుపెడితే తేలిక కావచ్చు. ఆ పేజీని కూడా మరోసారి చూసుకోండి. మీరిచ్చిన డబ్బు అప్పు తీర్చిందా, ఇంకో నెల మాత్రలు కొన్నదా? మిమ్మల్ని దెప్పడానికి అడగట్లేదు. వ్యసనంలో ఉన్నవాడికి డబ్బిచ్చిన తల్లులు, భార్యలు, ప్రేమించినవాళ్ళు అందరూ అది ప్రేమేననుకుని ఇస్తారు. ఆ పేజీ మీరు ఇంకా అలాగే గీస్తున్నారు.

రెండోది, పూర్తిగా మానేసి పేజీలు పెట్టెలో పెట్టెయ్యడం. ఇంట్లో అందరికీ ప్రశాంతంగా ఉంటుంది. కానీ పెళ్ళి కోసం మానేస్తే, రేపు ఏ చిన్న గొడవ వచ్చినా "నీ కోసం నా పుస్తకం వదులుకున్నాను" అనే మాట మీ నోటి చివరే ఉంటుంది. అతను ఆ బాకీ ఎప్పటికీ తీర్చలేడు. మీకే ఇష్టం తగ్గి మానుకుంటే అది వేరు.

మూడోది, కేసు తేలేదాకా ఆగడం. తేలడానికి ఎన్నాళ్ళు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ప్రచురణకర్త ఆగకపోవచ్చు. ఆ ఆలస్యంలో మీ చేయి ఇంకా బాగుపడుతుంది, అతనికీ ఏడాది దాటుతుంది. నాలుగోది, కథని అతని నుంచి విడదీసి మళ్ళీ గీయడం. మూటల వివరాలు, ఆ ఇద్దరు కుర్రాళ్ళు, ఊరు, చెరువు, వీటిని కల్పనలో కలిపేసి, మీది అయిన భాగం, అంటే చూస్తూ నిలబడ్డ అమ్మాయి భాగం, పెంచడం. ఆ భాగానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. యాభై, అరవై పేజీలు కొత్తగా వేయాల్సి రావచ్చు, ఇప్పుడున్న అందం కొంత పోతుంది. నా మొగ్గు దీనివైపే, దాచను. వేళ్ళు నొప్పెట్టేది మీకు, కాబట్టి తీర్పు మీదే.

పెళ్ళి గురించి. "పెళ్ళి చేస్తే వాడే దార్లో పడతాడు" అనే మాట మన వైపు ప్రతి వీధిలో వింటాం. ఆ మాటలో అమ్మాయి మనిషి కాదు, మందు. ఎనిమిది నెలలు మానడం చిన్న విషయం కాదు, అతన్ని మెచ్చుకోవాలి. అయినా డాక్టర్లు సాధారణంగా పన్నెండు నెలలు దాటాకే నిలకడ అంటారు. శ్రావణం ప్రతి ఏడాదీ వస్తుంది. ఆగితే సంబంధం చెడుతుందని వాళ్ళు అలగవచ్చు, దానికి మీరు సిద్ధపడాలి. ఇప్పుడే చేసుకుంటే మళ్ళీ జారినప్పుడు ఏం చెయ్యాలో తాళి కట్టాక కాదు, ముందే మాట్లాడుకోవాలి. చికిత్స కొనసాగుతుందా, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, కేసు ఎదురు తిరిగితే ఏమిటి, మీ ఉద్యోగం ఉంటుందా. ఇవి అడిగితే వాళ్ళమ్మగారికి కోపం వస్తే రానివ్వండి. అతనికి కోపం వస్తే మాత్రం అది మీరు గమనించాల్సిన విషయం. వ్యసనం గురించి 14446కి, మీ మనసు బాగోనప్పుడు టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు. ఇంట్లోవాళ్ళు, దగ్గరివాళ్ళు కూడా చెయ్యొచ్చు.

ఎవర్ని ప్రేమిస్తున్నానో తెలియడం లేదన్నారు. ఆ మాట రాయడానికి ధైర్యం కావాలి. మీ ఉత్తరంలో పాత మనిషికి ఎన్నో పేజీలు, ఇప్పటి మనిషికి రెండు వాక్యాలు. అందులో ఒకటి బోర్ అని. రొయ్యల చెరువులో తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ సమయంలో కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోతే పొద్దున్నకి పంట తేలిపోతుంది. ఎనిమిది నెలల కిందట లేవలేని మనిషి ఇప్పుడు ఆ వేళకి లేచి గట్టు మీద పరిగెడుతున్నాడు. అది చూసి మీకు ఏమీ అనిపించకపోతే అదీ ఒక జవాబే, దాంట్లో పాపం లేదు. చూడకుండా మాత్రం తేల్చకండి. ఒక రాత్రి ఆ చెరువు దగ్గరికి వెళ్ళి ఉండే వీలు లేకపోతే, ఒక పగలంతా ఉండండి, నోట్‌బుక్ ఇంట్లో వదిలేసి. అప్పుడూ "వీడు నాకంటే బాగున్నాడు" అన్న మాటే మీకు నిజమనిపిస్తే, శ్రావణానికే కాదు, ఏ నెలకీ ఒప్పుకోకండి.

ప్రచురణకర్తకి ఇప్పటికి ఇంత రాస్తే చాలు: పేజీలు మళ్ళీ చూసుకుంటున్నాను, ముగింపు మీద ఇంకా నిర్ణయం తీసుకోలేదు, టైము కావాలి. వాళ్ళు పంపిన ఒప్పందంలో మీ అనుమతి లేకుండా కథ మార్చే హక్కు వాళ్ళకి ఉందేమో చూడండి. సినిమా, వెబ్ సిరీస్ హక్కులు ఎవరి పేరున ఉన్నాయో కూడా చూడండి. అవి వాళ్ళకి వెళ్ళిపోతే ఊరు తీసేస్తానని వాళ్ళమ్మగారికి మీరిచ్చిన మాట రేపు ఏ దర్శకుడికీ పట్టదు. ఆ రెండు పేరాలు వకీలు చదివి చెప్పేదాకా సంతకం పెట్టకండి.